ఇళ్ల కొరతలో పుట్టిన అబద్ధం

ఎన్నికల ఫలితాలు పత్రికల్లో అంకెలుగా వస్తాయి. ఏ పార్టీకి ఎన్ని సీట్లు, ఎవరికెంత మెజారిటీ అని చదువుకుంటాం. మర్నాటికి ఆ పేజీ పొట్లం కాగితం అయిపోతుంది. కానీ కొన్ని ఫలితాలను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ చదువుకోవాలి. లండన్ నగరానికి తూర్పు అంచున ఉన్న బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్ అనే బరోలో 2006లోను, 2010లోను జరిగిన కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు అటువంటివి.

ఎక్కడో ఇంగ్లండులోని ఎన్నికల గొడవ సాంఘిక సంక్షేమ హాస్టలు విద్యార్థులకు ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఆ ఎన్నికల్లో ఓట్లు రాల్చిన మాట ఏమిటో తెలిస్తే ఆ ప్రశ్న అడగరు. "మనకు రావలసింది వాళ్లు తన్నుకుపోతున్నారు" అన్నదే ఆ మాట. ఏదో ఒక రూపంలో ఈ మాట పడకుండా మన హాస్టలు గేటు దాటి కాలేజీలో చదివి వచ్చినవాళ్లు మనలో ఎంతమంది?

ముందుగా బరో అంటే ఏమిటో చూద్దాం. లండన్ మహానగరంలో 32 బరోలున్నాయి. బరో కౌన్సిల్ మన మునిసిపల్ కౌన్సిల్ వంటిదే కాని దాని చేతిలో పనులు ఎక్కువ. బడులు, గ్రంథాలయాలు, చెత్త ఎత్తడం, వృద్ధుల సంరక్షణ, అన్నింటినీ మించి పేదలకు అద్దె ఇళ్లు ఇవ్వడం దాని బాధ్యత. మన దేశానికి రక్షణ మంత్రిగా చేసిన వి.కె. కృష్ణ మీనన్ 1934లో లండన్‌లోని సెయింట్ పాంక్రస్ బరోకు కౌన్సిలరుగా ఎన్నికయ్యారు. అక్కడి గ్రంథాలయాల అభివృద్ధికి కృషి చేశారు. కాబట్టి బరో కౌన్సిలు చిన్నదే కావచ్చు గాని మనిషి బతుకును తాకేది అదే.

ఇక అసలు విషయం. బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్‌లో అప్పట్లో 17 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 51 మంది కౌన్సిలర్లు. ఏళ్ల తరబడి అది కార్మికుల పార్టీ అయిన లేబర్ పార్టీకి కంచుకోట. 2006 మే నెలలో జరిగిన ఎన్నికల్లో ఆ కోటకు బీట పడింది. బ్రిటిష్ నేషనల్ పార్టీ, అంటే బి.ఎన్.పి., 13 మందిని నిలబెట్టి 12 సీట్లు గెలుచుకుంది. లేబర్‌కు 38, కన్సర్వేటివ్ పార్టీకి ఒకటి వచ్చాయి. బి.ఎన్.పి. తెల్లవాళ్లను తప్ప మరెవరినీ సభ్యులుగా చేర్చుకోని పార్టీ. కోర్టు దాకా వెళ్లాక 2010లో గాని ఆ నిబంధన మార్చుకోలేదు. అటువంటి పార్టీ ఒక లండన్ బరోలో ప్రధాన ప్రతిపక్షమై కూర్చుంది.

శ్రామికుల ఊరు ఇలా ఎందుకు చేసింది? దీనికి జవాబు ఆ ఊరి ఇళ్లలోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ మురికివాడల్లో ఇరుక్కుని బతుకుతున్న కార్మిక కుటుంబాల కోసం ప్రభుత్వం 1921 నుంచి అక్కడ బెకన్‌ట్రీ అనే కాలనీ కట్టింది. పాతిక వేలకు పైగా ఇళ్లు. ప్రభుత్వం కట్టిన కాలనీల్లో ఆనాడు ప్రపంచంలోనే అతి పెద్దదిగా దానికి పేరు. 1931లో పక్కనే ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. 1950ల్లో అందులో దాదాపు 40 వేల మంది పనిచేశారు. ఆ ఫ్యాక్టరీలో కారు సీట్ల తొడుగులు కుట్టే ఆడవాళ్లు 1968లో చేసిన సమ్మె 1970 నాటి సమాన వేతన చట్టానికి దారి తీసింది. అంతటి పోరాట చరిత్ర ఉన్న గడ్డ అది.

తర్వాత రెండు దెబ్బలు పడ్డాయి. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1980లో తెచ్చిన చట్టం కౌన్సిలు ఇళ్లలో అద్దెకున్నవారికి వాటిని తక్కువ ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. కొనుక్కున్న కుటుంబానికి అది మేలే. కాని అమ్మిన ఇంటికి బదులు మరో ఇల్లు కట్టనివ్వకుండా, వచ్చిన డబ్బు ఖర్చు మీద కౌన్సిళ్లకు ఆంక్షలు పెట్టారు. ఇళ్లు తరిగాయి, అర్జీలు పెరిగాయి. రెండో దెబ్బ 2002లో పడింది. ఫోర్డ్ అక్కడ కార్ల తయారీ ఆపేసి ఇంజన్లకు పరిమితమైంది. కొడుకుకు తండ్రి చేసిన పని దొరకలేదు, కూతురికి తల్లి ఉన్న వీధిలో ఇల్లు దొరకలేదు.

అదే కాలంలో లండన్‌లోకెల్లా ధరలు తక్కువ కాబట్టి ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు ఆ బరోలో చేరాయి. ఒకప్పుడు కౌన్సిలు ఇచ్చి, తర్వాత అమ్ముడై, చేతులు మారి ప్రైవేటు యజమానుల పాలైన ఇళ్లలో చాలామంది అద్దెకు దిగారు. పక్కింటి ముసలాయన కళ్లకు మాత్రం కౌన్సిలు ఇంట్లో నల్లవాళ్లు దిగడమే కనబడింది. మధ్యలో జరిగిన అమ్మకాలు, చట్టాలు కనబడవు కదా!

సరిగ్గా ఆ చోటే బి.ఎన్.పి. అబద్ధాన్ని నాటింది. బరోలో ఇళ్లు కొనుక్కోవడానికి ఆఫ్రికన్ కుటుంబాలకు కౌన్సిలు 50 వేల పౌండ్ల దాకా ఇస్తోందని కరపత్రాలు పంచింది. అటువంటి పథకమే లేదు. కాని పదేళ్లుగా ఇంటి కోసం ఎదురుచూస్తున్న మనిషికి "ఇళ్లు ఎందుకు లేవు" అన్న ప్రశ్నకు అంత సులువైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు. ఇల్లు లేదన్న బాధ నిజం. దానికి చూపించిన కారణం అబద్ధం. నిజమైన బాధకు అబద్ధపు కారణం అతికితే ఎంత బలమొస్తుందో 2006 ఫలితం చెబుతోంది.

గెలిచాక వారు చేసిందేమిటి? ఇళ్లు కట్టించారా? వారి నాయకుడు జరగని హత్యలు బరోలో జరిగాయని ప్రచారం చేసి 2009లో నెల రోజుల పాటు కౌన్సిలు నుంచి సస్పెండయ్యాడు. అబద్ధంతో వచ్చినవారికి అబద్ధం తప్ప మరో పని చేతకాలేదు.

2010 మే 6న కౌన్సిలుకు, పార్లమెంటుకు ఒకే రోజు ఎన్నికలు జరిగాయి. బి.ఎన్.పి. అధినేత నిక్ గ్రిఫిన్ స్వయంగా బార్కింగ్ పార్లమెంటు స్థానానికి పోటీ చేశాడు. జాతి వివక్షను వ్యతిరేకించే సంఘాలు, కార్మిక సంఘాలు, తెల్లవారు, నల్లవారు, ఆసియావారు కలిసి ఇంటింటికీ తిరిగారు. ఫలితం చూసి దేశం నివ్వెరపోయింది. 51కి 51 సీట్లూ లేబర్‌వే. బి.ఎన్.పి.కి ఉన్న 12 సీట్లూ ఊడిపోయాయి. గ్రిఫిన్‌కు మూడో స్థానం దక్కింది.

ఇక్కడ చాలామంది చప్పట్లు కొట్టి ఆగిపోతారు. మనం ఆగకూడదు. ఇంకో రెండు అంకెలు చూడాలి. బార్కింగ్ పార్లమెంటు స్థానంలో 2005లో బి.ఎన్.పి.కి పడిన ఓట్లు 4,916. 2010లో గ్రిఫిన్‌కు పడినవి 6,620. నియోజకవర్గ సరిహద్దులు కొంత మారిన మాట నిజమే. అయినా ఆ పార్టీ ఓట్లు మాయమైపోలేదని ఈ అంకెలు చెబుతున్నాయి. శాతంలో చూస్తే అవి 16.9 నుంచి 14.6కు తగ్గాయి. అంటే బి.ఎన్.పి. ఓటర్లందరి మనసూ మారడం వల్ల వచ్చిన గెలుపు కాదిది. అంతకు ముందు ఇంట్లో కూర్చున్నవారు లేచి పోలింగ్ బూత్‌కు వచ్చారు. పార్లమెంటు ఎన్నిక కూడా ఉండడం అందుకు తోడ్పడింది. ద్వేషం అంతరించలేదు, దాన్ని మించిన ఓట్లు పడ్డాయంతే.

అందుకే నా అభిప్రాయం ఇది. ఓటు అబద్ధానికి కుర్చీ లేకుండా చేయగలదు. కాని అబద్ధం మొలిచిన నేలను మార్చలేదు. నేల మారాలంటే ఇళ్లు కట్టాలి, పని కల్పించాలి. పెద్ద పార్టీలు ఆ పని వదిలి అబద్ధపు భాషనే అరువు తెచ్చుకుంటే మరింత చేటు. బార్కింగ్ ఎం.పి. మార్గరెట్ హాడ్జ్ 2010లో గ్రిఫిన్‌ను ఘనంగా ఓడించారు, ఆ కృషికి ఆమెను మెచ్చుకోవాలి. కాని అదే నాయకురాలు 2007లో, ఇళ్ల కేటాయింపులో వలస వచ్చినవారి కన్నా స్థానిక కుటుంబాలకు ముందు హక్కు ఉండాలన్నట్టు మాట్లాడి సొంత పార్టీ వారి చేతనే విమర్శలు పొందారు. ఉన్న నాలుగు ఇళ్లను ఎవరికివ్వాలనే తగవులో పడితే, నాలుగే ఎందుకున్నాయన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఇంకో మాట. 2014, 2018, 2022 ఎన్నికల్లోనూ ఆ బరోలో 51 సీట్లూ లేబరే గెలిచింది. ఎన్నికైన ప్రతిపక్షమే లేని సభలో పేదవాడి అర్జీ గురించి నిలదీసేదెవరు? సున్నా సీట్లు చూసి జబ్బు నయమైందనుకోవడం పొరపాటు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలు అడిగినవారందరికీ చాలవు. ఎందుకు చాలవని పాలకులను నిలదీయవలసినవారు మన కంచం వైపు, మన రిజర్వేషన్ వైపు వేలు చూపిస్తారు. బార్కింగ్‌లో ఆఫ్రికన్ కుటుంబాన్ని చూపిన వేలూ ఇదీ ఒక్కటే. అది గుర్తుపట్టడం మనకు కష్టం కాదు. కష్టమైనది ఇంకొకటుంది. బీహారు నుంచి వచ్చిన కూలీల వల్లే మన ఊళ్లో కూలి రేటు పడిపోయిందని ఎవరైనా అన్నప్పుడు, మన పక్క కులం వాడే మన వాటా తినేస్తున్నాడని ఎవరైనా ఎగదోసినప్పుడు, మనం ఆ వేలు వైపు చూస్తామా, వేలు చూపుతున్న మనిషి వైపు చూస్తామా?

మన హాస్టళ్లలో చదివి పై చదువులకు ఇంగ్లండు వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఒక విషయం తెలుసుకోవాలి. అక్కడ చట్టబద్ధంగా నివసించే భారతీయులకు, విద్యార్థులకు సైతం, కామన్వెల్త్ పౌరులుగా కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. పేరు నమోదు చేయించుకోండి. ఇక్కడే ఉన్నవారిలో 18 నిండిన ప్రతి ఒక్కరూ పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలను చిన్నవని తీసిపారేయకండి. ఓటు వేసి రండి. మర్నాడు గెలిచినవారి దగ్గరకు వెళ్లి ఇళ్లెన్ని కట్టారో, సీట్లెన్ని పెంచారో అడగండి. ఓటుతో పాటు ఆ ప్రశ్న కూడా మన హక్కే.