మెమోలో ఉన్నవి మార్కులే! మన పిల్లల బతుకు కాదు!



ఇంటర్ ఫలితాలు వచ్చే వేళయింది. బస్తీలో ఏ ఇంట్లో చూసినా ఒకటే గుబులు. పిల్లకు అన్నం సయించడం లేదు. తల్లికి నిద్ర పట్టడం లేదు. "ఎన్నొస్తాయంట?" అని ఎదురింటివాళ్లు అడిగితే చాలు, పిల్లవాడు తల దించుకుని లోపలికి పోతున్నాడు. ఏం తప్పు చేశాడు వాడు? దొంగతనం చేశాడా? పరీక్ష రాశాడు. అంతే!

ఈ భయం మన ఇళ్లలోకి ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు?

మన చెమట ఎటు పోతోందో ఒక్కసారి లెక్క చూసుకోండి. ఆటో నడిపే అన్న బండి కిస్తీ ఆపి కాలేజీ ఫీజు కట్టాడు. ఇళ్లలో పనిచేసే అక్క పుస్తెలతాడు కుదువ పెట్టింది. ఊళ్లో అరెకరం అమ్ముకున్నోళ్లున్నారు. ఫీజు వేరు. హాస్టల్ వేరు. మెటీరియల్ వేరు. ఇంత పోసి కొన్నదేంటి? తెల్లారుజామున ఐదింటికి బెల్లు! రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్! ఆదివారమూ టెస్టే! ఆడుకోవడానికి గజం జాగా లేని అపార్ట్‌మెంట్ కాలేజీ! నీళ్ల పప్పు! జ్వరమొచ్చినా ఇంటికి పంపరు. ఏడ్చినా ఫోన్ ఇవ్వరు. మన పైసలిచ్చి మన పిల్లల్ని మనమే బందిఖానాలో వేస్తున్నాం!

ఎందుకు? "మార్కులొస్తే బతుకు సెటిలైతది" అని. ఈ మాట నిజమేనా? సూటిగా తేల్చుకుందాం రండి.

మార్కులు దండగని మేం అనం. అట్లా అనేవాడు పేదోడికి మేలు చేసేవాడు కాదు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులు చూసే సీటిస్తారు. సర్కారు బడి పిల్లలకు కొంత కలిపి మరీ ఇస్తారు. కూలోళ్ల బిడ్డలు, బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు అక్కడ ఇంజనీరింగ్ చదువుకున్నారు. మార్కు ఒక తలుపు తెరుస్తుంది. ఒప్పుకుంటాం. కానీ తలుపు దాటాక నడవాల్సింది పిల్లలే. ఆ నడక మార్కుల మెమో నేర్పదు!

నమ్మకం లేదా? అమీర్‌పేట మైత్రీవనం దగ్గరికి పోయి చూడండి. ఇంజనీరింగ్ పాసైనోళ్లు, డిస్టింక్షన్ వచ్చినోళ్లు మళ్లీ ఫీజు కట్టి కోర్సులు నేర్చుకుంటున్నారు. నాలుగేళ్ల డిగ్రీ చేతిలో ఉంది. పని చేతికి రాలేదు. తప్పు వాళ్లదా? మార్కుల కోసం బట్టీ పట్టించి, పని నేర్పకుండా బయటికి తోసినోళ్లదా?

సర్కారు కొలువులకు చదివేటోళ్లను అశోక్‌నగర్ గల్లీల్లో అడగండి. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైంది. 2023 మార్చిలో రద్దు! జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది! రెండుసార్లు బాగా రాసినోళ్లున్నారు. వాళ్ల మార్కులేమయ్యాయి? రూమ్ కిరాయి ఎవరిచ్చారు? పోయిన వయసు ఎవరు తిరిగిస్తారు? చదివినోడి తప్పు ఇసుమంతైనా లేదు. అయినా శిక్ష వాడికే!

ఇక ఐఐటీ మాట. ఏడో తరగతి పిల్లకు కూడా "ఐఐటీ ఫౌండేషన్" అంటున్నారు! 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైనే. దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. వంద మంది రాస్తే ఇద్దరికి కూడా దక్కదు! మిగతావాళ్లు బతకరా? పెళ్లిళ్లు చేసుకోరా? ఇల్లు కట్టుకోరా? అమ్మానాన్నల్ని చూసుకోరా? సీటు దక్కినోడి ఫొటోతో ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి" అని అరుస్తారు. మిగతావాళ్ల ఫీజుతోనే ఆ ఫ్లెక్సీ కట్టారన్నది ఎవరూ చెప్పరు!

అసలు ఆ మెమోను ఎంతవరకు నమ్మాలి? 2019 ఏప్రిల్ 18 మర్చిపోయారా? ఆ రోజు తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న ఓ అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు! మళ్లీ చూస్తే 99! పరీక్ష రాసినోళ్లకు ఆబ్సెంట్ వేశారు. కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తల్లిదండ్రులు బోర్డు ముందు ఎండలో కూర్చుని మొత్తుకుంటే, అప్పుడు ఫెయిలైన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు ఉచితంగా మళ్లీ చూశారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు! అంటే ఆ వెయ్యి మంది అంతకుముందు కూడా ఫెయిల్ కాదు. ఫెయిలైంది దిద్దినోళ్లు! లెక్కగట్టినోళ్లు!

కొలిచే పద్ధతి కూడా ఒక్కతీరుగా ఉండదు. తెలంగాణ ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం లెక్క ఉండేది. 2023లో ఎత్తేశారు. పదో తరగతికి ఏళ్ల తరబడి గ్రేడులిచ్చారు. 2025లో మళ్లీ మార్కులు తెచ్చారు. ఒక జీవోతో మారిపోయే లెక్కకు మన బిడ్డ విలువ కట్టడమేంటి?

ఇంకో మోసం కూడా ఉంది. "ఫలానా గొప్పాయన కూడా పరీక్ష తప్పాడు, అయినా కోట్లు సంపాదించాడు" అని కథలు చెప్తారు. మనకా కథలొద్దు! అది కోటికొకరి ముచ్చట. మన పిల్లలు గొప్పోళ్లయితేనే పనికొచ్చినట్టా? మన గల్లీ చూడండి. రాత్రి డ్యూటీలో పేషెంటు చెయ్యి పట్టుకునే నర్సమ్మ ఉంది. బోరు మోటారు చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్ ఉన్నాడు. పదిమందికి పనిచ్చే టైలర్ అక్క ఉంది. వాళ్ల ఇంటర్ మార్కులెన్నో ఎవరైనా అడిగారా? వాళ్లను నిలబెట్టింది పనితనం. మాట మీద నిలబడే గుణం. పడితే లేచే ధైర్యం. నలుగురితో కలిసి మెలిగే తీరు. ఈ నాలుగింటికీ ఏ కాలేజీలో పీరియడ్ ఉంది?

ఈ ఒత్తిడి సంగతి సర్కారుకు ఎన్నడో తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే కాలేజీ పిల్లల చావుల మీద నీరదారెడ్డి కమిటీ వేశారు. తర్వాత ఇంకా కమిటీలు వచ్చాయి. పోయాయి. ఐదింటి బెల్లు మాత్రం ఆగలేదు. ఎందుకంటే మనం అడగలేదు!

ఇప్పుడు అడుగుదాం! మనవైపు రూల్స్ ఉన్నాయి. కోచింగ్ సెంటర్లు 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని, ర్యాంకు గ్యారంటీ అని ఆశ పెట్టొద్దని, మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు తిరిగివ్వాలని కేంద్రం 2024 జనవరిలో చెప్పింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఓ పిల్ల చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలంది. మరి మన పిల్లల కాలేజీలో ఈ స్టార్ బ్యాచ్ ఏంటి? ఆ కౌన్సెలర్ ఏడీ? పోయి అడగండి! ఒక్కరు పోతే గేటు దగ్గరే ఆపుతారు. యాభై మంది పోతే కుర్చీ వేస్తారు!

రండి, ఈ పనులు చేద్దాం!

ఒకటి: ఫలితాల రోజు ఏ పిల్లనూ "ఎన్నొచ్చాయి?" అని అడగొద్దు. "తిన్నావా?" అని అడుగుదాం.

రెండు: చుట్టాల పిల్లలతో, పక్కింటి పిల్లలతో పోల్చడం ఈ రోజే బంద్!

మూడు: ప్రతి కాలేజీకి తల్లిదండ్రుల కమిటీ వేసుకుందాం. ఆదివారం సెలవు, ఆటకు గంట, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర, ఇంటికి ఫోన్ ఉంటాయని రాసివ్వమని అడుగుదాం.

నాలుగు: బడి పిల్లల్ని ఫౌండేషన్ బ్యాచ్‌లో వేయం అని ఖరాఖండిగా చెబుదాం.

ఐదు: సర్కారు జూనియర్ కాలేజీల్లో ఖాళీ లెక్చరర్ పోస్టులు నింపమని ఎమ్మెల్యేను నిలదీద్దాం. అవి బాగుపడితే ఈ అప్పులెందుకు మనకు?

తమ్ముడూ, చెల్లే! ఇది నీకు. ఫెయిలైతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంది. ఏడాది పోదు. మార్కులు తక్కువేశారనిపిస్తే రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది. ఐటీఐ ఉంది. పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. మనసు బరువైతే ఒక్కదానివే మోయకు. ఒక్కడివే కుమిలిపోకు. అమ్మకు చెప్పు. దోస్తుకు చెప్పు. 14416కు ఫోన్ చెయ్. టెలిమానస్ అంటారు. పైసా ఖర్చు లేదు. ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు ఇంటికి కావాలి. నీ మెమో కాదు!

అన్నా! అక్కా! ఈ కాగితం చదివి పారేయకండి. పక్కింటికివ్వండి. ఆటో స్టాండులో చదివి వినిపించండి. ఈ ఆదివారం పొద్దున పది గంటలకు బస్తీ కమ్యూనిటీ హాలు దగ్గర కలుద్దాం. పిల్లల్నీ తీసుకురండి. వాళ్ల మాటే ముందు విందాం!

ర్యాంకుల వ్యాపారం నశించాలి!
సర్కారు చదువు బతకాలి!
మన పిల్లలు నవ్వుతూ చదవాలి!

ఇట్లు,
మీ బస్తీ తల్లిదండ్రులు, విద్యార్థులు