నాన్న మోకాళ్ళకి నీలం టేపు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే నాన్న రెండు మోకాళ్ళకీ నీలం రంగు టేపులు కనిపించాయి. "ఏంటి నాన్నా, ఒలింపిక్స్‌కి గానీ వెళ్తున్నావా?" అన్నా. "నవ్వరా నవ్వు. ఇది వేసుకున్నాక తూలడం తగ్గింది" అన్నాడు. కార్తీకమాసంలో బాత్రూంలో జారి పడ్డాక ఫిజియోథెరపీ ఆయన వేశాడట.

ఒలింపిక్స్ అని ఊరికే అన్లేదు లెండి. దీని పేరు కినిసియాలజీ టేపు. 1970లలో జపాన్లో కెంజో కాసే అనే ఆయన తయారుచేశాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద కనపడ్డాక అందరి నోళ్ళలో పడింది. సాగే నూలు గుడ్డ, వెనకాల జిగురు, అంతే. మందేమీ ఉండదు.

మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్ళు, లోపలి చెవి, కీళ్ళలోనూ చర్మంలోనూ ఉండే నరాలు, మూడూ మెదడుకి కబుర్లు పంపుతుండాలి. వయసు మీదపడితే మూడూ మొరాయిస్తాయి. టేపు చర్మాన్ని కాస్త లాగి పట్టుకుంటే ఆ నరాలు ఇంకొంచెం గట్టిగా చెప్తాయని వాదన. వినడానికి బానే ఉంది. కానీ ఇలాంటి టేపుల మీద జరిగిన పరిశోధనల్లో ఉత్తుత్తిగా అంటించిన టేపుకీ దీనికీ పెద్ద తేడా కనపడని సందర్భాలు బోలెడు.

పోనీ ధైర్యం కోసమైనా ఉంటే తప్పేంటి అనుకున్నా. బుద్ధిగా అరడజను చుట్టలు ఆన్లైన్లో ఆర్డర్ కూడా చేశా. (పక్కనుండి చూసుకోలేని కొడుకుకి ఆర్డర్ పెట్టడం ఎంత హాయో!) మర్నాడు చూస్తే నాన్న మేడమెట్లు పిట్టగోడ పట్టుకోకుండా దిగుతున్నాడు. "టేపుందిగా" అన్నాడు. నా గుండె జారింది. నాకు భయం టేపు పనిచెయ్యదని కాదు, పనిచేస్తోందని ఆయన నమ్మేయడం. పైగా అది పీకినప్పుడు పల్చబడ్డ చర్మం కూడా ఊడొచ్చింది. ఆ పుండు మానడానికి పది రోజులు పట్టింది.

నిజంగా పడిపోకుండా కాపాడేవి ఏంటంటే, చెప్పుకోడానికి బొత్తిగా గ్లామర్ లేనివి. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో పెద్దవాళ్ళు ఇంట్లోనే చేసుకునే కసరత్తులు తయారుచేశారు. కుర్చీలోంచి లేచి కూర్చోడం, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, ఒక కాలి వేళ్ళ ముందు రెండో కాలి మడమ పెట్టి నడవడం, ఇలాంటివి. వాటితో పడిపోవడాలు మూడోవంతు దాకా తగ్గాయి. అయితే నెలల తరబడి చెయ్యాలి. టేపులాగా అంటించేసి మర్చిపోతే కుదరదు.

బాత్రూంలో స్టీలు కడ్డీ బిగించడానికి మేస్త్రీ ఒక్క పూట తీసుకున్నాడు. లేవగానే కళ్ళు తిరగడం బీపీ మాత్ర వల్లేమో అడగమన్నా, డాక్టరుగారు మోతాదు తగ్గించారు. కసరత్తుల దగ్గరే పేచీ. "ఇవేం పిల్లచేష్టల్రా" అంటాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్లో వీడియో పెట్టి కూర్చుంటున్నా. అమ్మ పక్కన నిలబడి లెక్కపెడుతుంది. ఏడు దగ్గరే "పది" అనేస్తోందని నా అనుమానం.