ఈ పూటకి అక్కడే ఉండండి

చలికాలమంటే వేరే ఊళ్లవాళ్లకు దుప్పట్లు, స్వెట్టర్లు గుర్తొస్తాయి. మన నెల్లూరు జిల్లావాళ్లకు గుర్తు రావలసింది వాయుగుండం. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ మూణ్ణెల్లలోనే కురుస్తుంది మనకి.

అయినా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఒక ధీమా ఉంది. "తుపాను సముద్రం పక్కవాళ్లకి గదా, మనకేంటి?" అని. వేసవిలో బిందె నీళ్లకు కటకటలాడే మెట్ట ప్రాంతం కనుక ఆ ధీమా సహజమే. కానీ కొండల్లో పడ్డ వాన గంటల్లో వాగుల్లోకి దిగుతుంది. అసలు వాన ఇక్కడే పడాలని కూడా లేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు కలిసేది పెన్నలో, పెన్న వచ్చేది సోమశిలకి. ఆ రోజుల్లోనే పెన్న వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలుకట్ట కొట్టుకుపోయింది. మన ఆకాశం తెరిపిగా ఉన్నా ఏరు నిండుగా రావచ్చు.

ఇంట్లో చెయ్యవలసినవి మనకు తెలియనివేం కావు. హెచ్చరిక వినగానే ఫోన్లకు, టార్చిలైటుకు ఛార్జింగు పెట్టుకోవాలి. రెండ్రోజులకు సరిపడా నీళ్లు కాచి మూతపెట్టుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు, పసివాళ్ల పాలపొడి ముందే తెచ్చుకోవాలి. పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కించాలి. నీళ్లు గడప దాటకముందే కరెంటు మెయిను ఆపాలి. నెలలు నిండిన అమ్మాయి ఉంటే దారి మూసుకుపోకముందే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చాలి. ఆపదొస్తే 108, 112 నంబర్లు పిల్లలకు కూడా నోటికి రావాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది రోడ్డే. చప్టా మీద పారే నీళ్లు అడుగు లోతున్నా చిన్న కారును పక్కకు నెట్టేస్తాయి. రెండడుగులైతే పెద్ద బండ్లకే దిక్కులేదు. కింద చప్టా ఉందో, కోసుకుపోయిందో పైకి కనపడదు.

ఆ నీళ్లలోకి దిగే మనిషిని తొందరపెట్టేది చాలాసార్లు మన ఫోనే. "ఎందాకా వచ్చారు? పిల్లలు ఎదురుచూస్తున్నారు" అంటాం, ప్రేమతోనే. వానరోజు ఆ ప్రేమనే ఇంకోలా చెప్పాలి. "రావద్దు. ఈ పూటకి అక్కడే ఉండండి" అనాలి. ఒక రాత్రి బస్టాండులో గడిస్తే పోయేదేం లేదు.

చప్టాల చోట వంతెనలు కావాలని గ్రామసభల్లో అడుగుదాం, అడగడం మానొద్దు. అవి వచ్చేదాకా మాత్రం, వాగుకి అవతల ఆగిపోయిన మనిషిని పిరికివాడని ఎవరూ అనకూడదు. ముందు మనం అనకూడదు.