హోల్డర్ ఎవరి చేతిలో ఉంది?

"చదువు రాకపోతే ఐటీఐలో వెయ్యి. చేతిపని నేర్చుకోని బతుకుతాడు." మా చిత్తూరు జిల్లాలో ఈ మాట వినని దళితవాడ లేదు. ఇదే మాట ఊళ్ళో మోతుబరి కొడుక్కి ఎవరూ చెప్పరు. వాడు ఇంటర్ రెండుసార్లు తప్పినా డొనేషన్ కట్టి చేర్పించే కాలేజీ ఒకటి ఉంటుంది. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనా నాకు మాత్రం "చేతిపని చాలు". వెల్డర్ ట్రేడుకు ఎనిమిదో తరగతే అర్హత. మిగతా రెండేళ్ళ చదువు ఎవరి లెక్కలోకీ రాలేదు.

నేను చేతిపనిని తక్కువ చేసి మాట్లాడ్డం లేదు. చేతిపనిని మాకూ, చేతిపని మీద పెత్తనాన్ని వాళ్ళకూ పంచిన న్యాయం ఏందని అడుగుతా ఉండాను.

అసలు మాకు చేతిపని ఒకరు నేర్పాల్నా? మా నాయన మాదిగ. బావుల మీద కపిలలు తిరిగే రోజుల్లో ఆయన కుట్టిన తోలు బానతోనే రెడ్ల మడులు తడిసినాయి. పచ్చితోలును లందలో ఊరబెట్టడం, తంగేడు చెక్క ఎంత వెయ్యాలో ఎన్నాళ్ళు ఉంచాలో వాసన చూసి చెప్పడం, రంపెతో కోసి ఆరెతో పొడిచి, చుక్క నీళ్ళు కారకుండా కుట్టడం – ఇది కెమిస్ట్రీ కాదా? ఇది ఇంజినీరింగ్ కాదా? దీనికి ఏ సర్కారూ సర్టిఫికెట్ ఇయ్యలేదు. "కులవృత్తి" అన్నారు. అంటు అన్నారు. ఆ బాన నీళ్ళతో పండిన వడ్లు తిన్నారు గానీ, ఆ బాన కుట్టిన చేతికి లోటాతో నీళ్ళియ్యలేదు, దోసిట్లో పోసినారు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలబడితే ఆయన పనీ పోయింది. మోటారు కొన్నవాడికి సబ్సిడీ వచ్చింది. బాన కుట్టినవాడికి కూలి పని వచ్చింది.

2015లో స్కిల్ ఇండియా మొదలైనప్పటి నుంచీ "మన పిల్లలకు నైపుణ్యం లేదు, అందుకే ఉద్యోగాల్లేవు" అనే పాట ఎక్కువైంది. వేల ఏండ్లు ఈ దేశానికి చెప్పులు తొడిగిన జాతికి నైపుణ్యం లేదా? మాకు లేనిది నైపుణ్యం కాదయ్యా. ఆ నైపుణ్యానికి ధర కట్టే అధికారం!

ఒక మంచి జరగలేదని అనను. దేశంలో 1950లో మొదలైన శిక్షణ పథకం కింద ఐటీఐలు నడుస్తున్నాయి. అంతకుముందు మా పల్లెల్లో ఇనుము కమ్మరి ఆచార్ల కొలిమి దగ్గరే ఉండింది. ఆచార్లు మాకు శత్రువులు కారు. వాళ్ళనూ ఊరు గింజలు కొలిచి వాడుకున్నదే. కానీ మాదిగ పిల్లోడు నిప్పు ముందర కూచోని ఇనుము అతికే రోజు రిజర్వేషన్ వల్లే వచ్చింది. అది ఎవరి దయా కాదు.

నేను 1994లో తిరుపతిలో చేరినాను. ఐటీఐ పేరు అనవసరం. ఏ ఊళ్ళో చదివినవాడైనా ఇది తన కథే అనుకుంటాడు. వర్క్‌షాపులో పిల్లోళ్ళు ఎక్కువ, ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువ, రాడ్లు ఇంకా తక్కువ. వెల్డింగ్ పుస్తకంతో వచ్చేది కాదు. రాడ్డును ప్లేటుకు గీరి లేపాలి. దగ్గరైతే అతుక్కుంటుంది, దూరమైతే ఆరిపోతుంది. సరైన దూరంలో ఉంటే నూనెలో వడలు కాగుతున్నట్టు ఒకే సద్దు వస్తుంది. ఆ సద్దు చెవికి పట్టాలంటే రాడ్లు కాలాలి. మాకు రాడ్డు ఇచ్చేటప్పుడే "స్టాకు లేదు" అనేవాళ్ళు. "మీవోళ్ళకు సుత్తి బాగా అలవాటు గదరా, చిప్పింగ్ కొట్టు" అని సారు నవ్వేవాడు. ఒకడు అతుకు వేస్తే, దాని మీది స్లాగు నేను కొట్టాలి. ఇది ట్రెయినింగా, జీతగాడి పనా?

మొహానికి అడ్డం పెట్టుకునే స్క్రీన్ నలుగురికి ఒకటి. నేను పెట్టుకున్నాక పక్కవాడు దాన్ని గుడ్డతో తుడిచి పెట్టుకునేవాడు. చెమటకే అయితే రెడ్డి పిల్లోడు వాడినాక కూడా తుడవాల గదా? తుడవలేదు.

ఇది తిరుపతిలో పుట్టిన జబ్బు కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువ వచ్చే నేత శాఖలోకి అంటరానివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. దారం తెగితే నోటితో పీల్చి అందుకోవాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని! 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టాల్సి వచ్చింది. ఎర్రజెండా కింద నిలబడ్డ కార్మికుడికి కూడా పక్క కార్మికుడి ఎంగిలి పనికిరాలేదు. యంత్రం వస్తే కులం పోతుందన్నవాళ్ళు దీనికేం జవాబు చెప్తారు?

సర్టిఫికెట్ తీసుకోని రేణిగుంట రోడ్డులో ఒక గ్రిల్స్ షాపులో చేరినాను. రెండేళ్ళు హెల్పర్. లాడ్జి గేట్లు, సత్రాల మెట్లకు పట్టుకమ్ములు, అన్నిట్లో మా చెయ్యి ఉంది. ఒకసారి ఒక ఊరి రామాలయానికి గ్రిల్ గేటు తీసుకుపోయినాము. ఒక పెద్దమనిషి అడిగినాడు: "యా ఊరు అబ్బోడా? ఊర్లోనా, వాడలోనా?" చెప్పినాను. ఓనరు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు రోడ్డు మీదనే ఉండు, లోపల వాళ్ళు బిగిస్తార్లే" అన్నాడు. హోల్డర్ పట్టి ఆరు నెలలు కాని కుర్రోడు బిగిస్తే గేటు వంకర పోయింది. మళ్ళీ ఊడదీసి వీధిలోకి తెచ్చినారు. నేను సరిచేసినాను. లోపలికి మోసుకుపోయినారు. నేను వేసిన అతుకుకు మైల లేదు, నాకుంది! ఆ పూట కూలి కూడా కుర్రోడికే ఎక్కువ.

రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. అమ్మ ఉర్లగడ్డ చెక్కలు కోసి కళ్ళ మీద పెట్టేది. జి.ఐ. పైపులు అతికిన రోజు చలిజరం. వెల్డింగ్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. చిన్న షాపు హెల్పర్ పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. వాడు దగ్గి దగ్గి చస్తే "తాగి చచ్చినాడు" అంటారు.

సొంత షాపు పెడదామంటే రోడ్డు పక్క జాగా ఎవరిది? త్రీ ఫేజ్ లైను ఎవరి పొలం మీదుగా పోతుంది? లోనుకు పోతే ఒక బ్యాంకులో ష్యూరిటీ అడిగినారు. భూమి లేదనే కదా చేతిపని నేర్చుకుంది! అరుంధతివాడలో షెడ్డు వేస్తే ఊరివాళ్ళు నాగలి కర్రు కూడా అతికించుకోను రారు.

"కార్మికులంతా ఒకటే, కులం పేరుతో చీల్చొద్దు" అంటారు కామ్రేడ్లు. చీల్చింది మేమా? 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో అంబేద్కర్ శత్రువులు ఇద్దరని తేల్చి చెప్పినాడు – బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీతనం. మీరు ఒక శత్రువుతోనే పోరాడి, రెండోదాన్ని ఇంట్లో భోజనానికి కూచోబెట్టుకుంటే ఎట్లా?

దళిత ఉద్యమానికి కూడా ఒక మాట. కారంచేడు 1985, చుండూరు 1991 మనకు గొంతునిచ్చినాయి. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో అంబేద్కర్ జయంతి జరుపుకుంటాము. అదే ఊళ్ళో ఐటీఐ గేటు దగ్గరికి ఎంతమంది పోయినాము? ఖాకీ చొక్కా వేసుకోని సైకిల్ మీద పోయే మన పిల్లోడు విద్యార్థి కాడా?

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించాలనే సెక్షన్ 1973లో చేరింది. మన జిల్లాల ఫ్యాక్టరీల్లో ఆ సీట్లు ఎవరెవరికి ఇచ్చినారో పేర్లతో సహా గేటుకు అంటించమని అడుగుదాం. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012లో ఉత్తర్వు ఉంది. ఆ లెక్క అడుగుదాం. ప్రతి పిల్లోడికి కాల్చడానికి రాడ్లు, మొహానికి ఒక స్క్రీన్ అడుగుదాం. వెల్డర్ చదివినవాడు పాలిటెక్నిక్‌కు, ఇంజినీరింగ్‌కు పోయే దారి అడుగుదాం.

2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. బోర్డులు మారినాయి. బోర్డు ఫ్రేము అతికినవాడు మళ్ళీ మనవాడే. చిప్పింగ్ సుత్తి మనకిచ్చి హోల్డర్ తమ దగ్గర పెట్టుకున్న కాలం చాలు. హోల్డర్ ఇయ్యండి, షెడ్డు ఇయ్యండి, కాంట్రాక్టు ఇయ్యండి. ఇయ్యకపోతే తీసుకునే దారి వెతుక్కుంటాము.