ఒకటి రెండు చోట్ల

రేవతి, అశ్విని కార్తెల్లో మా వైపు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పొద్దుటి ఎండ చూస్తే వేసవి ముదిరినట్టే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు లేస్తుంది. నాలుగింటికి గాలిదుమారం, ఉరుములు, ఓ జల్లు. ఒక్కొక్క ఏడు రాళ్ళవాన కూడాను. హైదరాబాదు వాతావరణ కేంద్రంవారి ప్రకటన కూడా ఈ రోజుల్లో తరచు ఒకే తీరుగా ఉంటుంది: శని ఆదివారాల్లో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వాన, ఆ తరువాత రెండు మూడు డిగ్రీల ఎండ ఎక్కువ అని దాని సారాంశం.

తెలుగు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గనుక నా చూపు వానకంటె ముందు మాటల మీద పడుతుంది. అయితే ఈ మాటల సంగతి నాకంటె గట్టిగా పట్టించుకున్నవాడు మా తరగతిలోనే ఉన్నాడు.

"సార్, ఆ ఒకటి రెండు చోట్లల్ల మన లక్సెట్టిపేట ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు.

తరగతంతా నవ్వింది. వాడు నవ్వలేదు. వాళ్ళ నాయన కౌలుకు చేసిన యాసంగి పొలం కోసి, వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర ఆరబోసి ఉన్నాయి.

వాతావరణ శాఖవారి నిఘంటువు వేరు సుమండీ! వారి లెక్కలో "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతు దాకా వాన పడవచ్చునని. నలభై వర్షమాపకాలుంటే పదింట్లో నీళ్ళు నిలిచినా అది "ఒకటి రెండు చోట్ల" కిందికే వస్తుంది. సగం దాకా పడితే "కొన్ని చోట్ల". అలాగే "తేలికపాటి" అంటే రోజుకు 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు, "మోస్తరు" అంటే 15.6 నుంచి 64.4 దాకా. అరవై మిల్లీమీటర్లు ఆరబోసిన ధాన్యం మీద పడితే దాన్ని మోస్తరు అనడానికి ఏ రైతుకూ నోరు రాదు.

మరి ఊరి పేరు ఎందుకు చెప్పరు? ఈ కాలపు వాన పుట్టుక అటువంటిది. విదర్భ, మరాఠ్వాడాల మీదుగా దక్షిణానికి ఒక ద్రోణి సాగుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, వాయవ్యపు పొడిగాలి అక్కడ కలుసుకుంటాయి. మధ్యాహ్నపు ఎండకు కాగిన గాలి పైకి ఎగసి క్యుములోనింబస్ మేఘమవుతుంది. అటువంటి మేఘం కొద్ది మైళ్ళ వెడల్పు మాత్రమే ఉంటుంది; గంట రెండు గంటల్లో కురిసి కరిగిపోతుంది. గోదావరికి ఆవల రాయపట్నం తడిసి, ఈవల మనకు దుమ్ము మాత్రమే మిగలవచ్చు. దానికి తారుమారూ కావచ్చు. శుక్రవారం నాడే దాని చిరునామా చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుచేత ప్రకటన అందరికీ ఒకటే అయినా, దాన్ని చదవవలసిన తీరు ఒకటి కాదు. మా ఆవిడకు నాలుగో వంతు అంటే మూడు వంతులు పడదనే అర్థం. డాబా మీద వడియాలు పెట్టింది. తడిస్తే పోయేది రెండు శేర్ల పిండి. కౌలు రైతుకు తడిస్తే పోయేది ఆరు నెలల కష్టం. వడ్లలో తేమ 17 శాతానికి మించితే కాంటా వెయ్యరు. అరగంట జల్లుతో నాలుగు రోజుల ఎండ వృథా. 2023 మార్చి మూడో వారంలో వడగండ్లు పడి రాష్ట్రంలో పలు జిల్లాల్లో పంటలు నేలకొరిగితే, అప్పటి ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. వాన పడే అవకాశం ఎంత అన్నది వాతావరణ శాఖ చెబుతుంది. పడితే నష్టమెంత అన్నది మాత్రం ఎవరి లెక్క వారే వేసుకోవాలి. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ నాతో వాదించలేదు. వడియాలు ఎత్తేసి, డాబా మీది టార్పాలిన్‌ను కుర్రవాడి చేతికిచ్చి పంపింది.

శుక్రవారం ప్రకటనతో కథ ముగియదు. రాడారు చూసి వచ్చే మూడు గంటల సంగతి చెప్పే సూచనలు కూడా ఇస్తారు. పసుపుపచ్చ రంగు వేస్తే కనిపెట్టి ఉండమని, నారింజ రంగు వేస్తే సిద్ధంగా ఉండమని, ఎరుపైతే వెంటనే కదలమని అర్థం. పిడుగుల సమాచారానికి దామిని అనే ఫోను యాప్ ఉంది. ఉరుము వినపడ్డాక వడ్లు కప్పడానికి పరుగెత్తవద్దు, చెట్టు కిందికి అసలే వద్దు. టార్పాలిన్ మబ్బు లేవకముందే కప్పాలి.

ఇక సోమవారం ఎండ. రెండు మూడు డిగ్రీలేగా అనుకోకండి. జల్లుతో తడిసిన నేల ఆవిరి విడుస్తుంటే, అదే ఎండ ఒంటికి ఇంకా ఎక్కువగా తగులుతుంది. నది ఆవల రామగుండంలో వేసవి ముదిరితే 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అందులోకి ఇది మొదటి మెట్టు. వడ్లకు మాత్రం ఆ ఎండే కావాలి. పొద్దున్నే కుప్ప విప్పి పరిచి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా మనిషి నీడన ఉండి, సాయంత్రం మళ్ళీ తిరగేస్తే చాలు. తిరగేసేవారికి ఒక చెంబుడు మజ్జిగ పంపగలిగిన ఇల్లాలు మన వీధుల్లో ప్రతి ఇంటా ఉంది.