ఒళ్లు లావైనా ఒంట్లో లేమి

లావు తగ్గించే ఆపరేషన్ల మాట ఇప్పుడు పల్లెల్లోనూ వినవస్తున్నది. మోకాళ్ల నొప్పులతో, చక్కెర వ్యాధితో బాధపడే భారీకాయులు అప్పో సప్పో చేసి పట్నం ఆసుపత్రులకు వెళుతున్నారు. తీరా రక్తపరీక్ష జరిపిన డాక్టరు, 'విటమిన్ డి చాలదు, బి12 చాలదు, రక్తం కూడా తక్కువే. ముందు వీటిని సరిచేద్దాం, ఆపరేషన్ తరువాత' అంటే వెంట వచ్చినవారు తెల్లబోతున్నారు. ఇంత మనిషికి బలం తక్కువా, ఇదంతా బిల్లు పెంచే ఎత్తు అని గొణిగేవారు కొందరు. ఈ పరీక్షలేవీ లేకుండా త్వరగా ముగించే ఆసుపత్రి కోసం వెతికేవారు మరికొందరు. ఇది ప్రమాదకరమైన ధోరణి. ఆసుపత్రి బిల్లులపై ప్రజలకున్న అనుమానాలు నిరాధారమని అనలేము గాని, ఈ విషయంలో డాక్టరుదే న్యాయం.

వాపు చూసి బలుపనుకోవడం మనవారికి కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ రెండు బాధలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉండడం గమనార్హం.

కారణం వంటింట్లోనే ఉన్నది. పూటపూటా పాలిష్ పట్టిన తెల్లన్నం, పచ్చడి, చారు, సాయంత్రం బజ్జీలు, రోజుకు నాలుగు సార్లు చక్కెర టీ. కడుపు నిండుతుంది, కొవ్వు పేరుతుంది. పప్పు పలుచన, ఆకుకూర అరుదు. పాడి ఉన్న ఇంటి సంగతి మరీ విచిత్రం. తెల్లవారుజామున పితికిన పాలు పాలకేంద్రానికి పోతాయి, ఇంటికి మిగిలేవి టీకి సరిపడా మాత్రమే. బి12 దొరికేది పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. అన్నంలో, కూరగాయల్లో అది లేదు. చక్కెర వ్యాధికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఉన్న కాస్తా తగ్గవచ్చు.

ఎండకు కొదవలేని చోట విటమిన్ డి లోపమేమిటని అడగవచ్చు. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో పట్నంవారిలోనే గాక పల్లెవారిలోనూ అది తక్కువగా కనిపించింది. లావైన వారికి ఇంకొక చిక్కు. ఈ విటమిన్ కొవ్వులో చేరి ఉండిపోతుంది, రక్తంలోకి వచ్చేది తక్కువ. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములకు తగ్గితే లోపం కింద లెక్క.

ఇక ఆపరేషన్. ఒక పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం కోసి తీసివేస్తారు. మరొక పద్ధతిలో తిండి పోయే దారిని పేగు కిందిభాగానికి మళ్లిస్తారు. బి12 ఒంటికి పట్టడానికి జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం కావాలి. ఆపరేషన్‌తో ఆ ఊట దెబ్బతింటుంది, తినేది కూడా పిడికెడే అవుతుంది. ముందే లేమితో ఉన్నవారి గతి ఏమి? కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, ఎముకలు బలహీనపడడం. చికిత్స ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

రక్తం పట్టడానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు చాలవా అనుకునేవారున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1945లో తయారైన ఆ మందు గొప్పదే. కాని బి12 లోపం ఉండగా అదొక్కటే మింగితే రక్తం మెరుగైనట్లు కనిపిస్తుంది, లోలోపల నరాలు చెడుతూనే ఉంటాయి.

ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా ఈ లోపం బయటపడకపోవడం శోచనీయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం శాతం చూస్తారు. బి12, డి పరీక్షలకు కూడా అక్కడే రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపే ఏర్పాటు ప్రతి మండలంలోనూ ఉండాలి. పట్నం ఆసుపత్రులు మరొకటి చేయాలి. ఆపరేషన్ తరువాత విటమిన్ మాత్రలు జీవితాంతం వాడవలసిందే. ఒళ్లు తగ్గగానే మానేస్తే మళ్లీ మొదటికే. కనుక ఆపరేషన్ ఖర్చు చెప్పేటప్పుడే నెలనెలా ఆ మాత్రలకయ్యే సొమ్ము, ఏటేటా రక్తపరీక్షకు వచ్చిపోయే బస్సు ఛార్జీలతో సహా, ఇంటివారికి కాగితం మీద రాసివ్వాలి.