డిస్కు పలుకు సత్యము కావలెను

మొజంజాహీ మార్కెట్టు సమీపమున రిజిస్ట్రేషను శాఖ కార్యాలయమున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో కార్డు పథకము వచ్చిన నాటనుండి, గుమాస్తాలు చేతితో నకలు వ్రాయు దస్తావేజులు కంప్యూటరు డిస్కులను చేరినవి. ఆ యంత్రములలో నే ఆపరేటింగు సిస్టమున్నను, డిస్కుతో మాటాడునది స్టోరేజి డ్రైవరే. వ్రాత విఫలమైనచో దాపక చెప్పుట దాని ప్రథమ ధర్మము.

అయితే డ్రైవరు చెప్పిన మాత్రమున చాలదు. ఎల్లరకు మూలము తెఱచియున్న లైనక్సునందొక లోపము 2018లో విశేష చర్చకు వచ్చెను. వ్రాత విఫలమైనదని డ్రైవరు తెలిపినను, కెర్నెలు ఆ వార్త నొకమారు చెప్పి మఱచుచుండెను. మరల నడిగిన ప్రోగ్రామునకు సర్వము క్షేమమనియే జవాబు వచ్చుచుండెను. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కర్తలు, అట్టి వైఫల్యము కలిగినంతనే పని నిలిపి చిట్టానుండి సరిచేసికొనునట్లు 2019లో తమ ప్రోగ్రామును మార్చిరి.

మూలము బహిరంగమగుటచే రోగనిదానము సులభమయ్యెను. కాని బహిరంగమైనంతనే నిర్దోషము కాదు, పరీక్షించువారు కావలెను. ఉచితముగ లభించినదానిని వాడుకొని యూరకుండుట న్యాయము గాదు. ప్రజల భూమి హక్కులను డిస్కులకప్పగించిన ప్రభుత్వము, నకలు యంత్రములపై విద్యుత్తును నడుమ నాపియు, వ్రాతదోషములను బుద్ధిపూర్వకముగ కల్పించియు డ్రైవరులను పరీక్షింపించి, కనబడిన లోపములను మూలకర్తలకు తెలుపవలెను. కళాశాలల విద్యార్థుల నిందు నియోగించుట సాధ్యమే. దస్తావేజు పోయిన పిదప విచారణ సంఘమును వేయుటకంటె నిది చౌక.